సున్నం వెయ్యని ఏడాది

3 ఫిబ్రవరి 2025, సోమవారం

ఈ రోజు పనులు: రెండు పూటల వంట, ఉతికిన బట్టలు పద్నాలుగు, ఎండబెట్టిన మినప్పప్పు మూడు కేజీలు, మండువా ఇంట్లో ఊడ్చిన గదులు అయిదు. ఊడవాల్సినవి ఆరు. ఒకటి వదిలేశాను.

అత్తయ్య గారికి,

మీ చెవులకి ఫోను పనికిరాదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. వదిన చేత చదివించుకోకుండా భూతద్దం పెట్టుకుని మీరే చదవండి.

టీకా డాక్టరుగా పేరుపడ్డ తాతయ్య ఇంటిని మ్యూజియం చేస్తున్న సంగతి మీకు తెలుసు. ఆయన రోజుల్లో గదులు ఎలా ఉండేవో అచ్చం అలాగే చెయ్యాలని ట్రస్టు వాళ్ళ పట్టుదల. ఉగాదికి తెరవాలంట. పాత ఇళ్ళ మీద చదువుకున్న ఆర్కిటెక్టు లిడియా అని, రాజోలు అమ్మాయి, నెలరోజులుగా పని చేస్తోంది. తాళాలు నా దగ్గరే కాబట్టి పొద్దున్న వెళ్ళి తీసి, సాయంత్రం వేసి వస్తున్నాను.

ఆ అమ్మాయి పని చూస్తే మీకు ముచ్చటేస్తుంది. నేల మీద నాలుగు గుంటలు చూసి, "ఇక్కడ బరువైన బీరువా ఉండేదండి, కాళ్ళ మధ్య మూడడుగులు" అంది. మందుల బీరువా అక్కడే ఉండేదని నాన్న చెప్పేవారు. గోడలోంచి గోరంత పెచ్చు తీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్ను చూడమంది. సున్నం పూతలు ఉల్లిపాయ పొరల్లా ఉన్నాయి. పూతకీ పూతకీ మధ్య ఏడాది పొడుగునా పట్టిన దీపాల మసి, సన్నటి గీతలా.

లెక్క ఇదీ. గృహప్రవేశం 1931లో. మరుసటి ఉగాది నుంచి 1970 ఉగాది దాకా ఏటా ఒక పూత. 71లో నాన్న పెళ్ళికి రంగు వేశారు. ముప్ఫై తొమ్మిది పూతలు ఉండాలి. లిడియాకి ముప్ఫై ఆరే తేలాయి. "కూలీలు ఎగ్గొట్టేరేమోనండి" అంది. ఇంట్లో మనిషి పోతే ఏడాది మైల, ఆ ఉగాదికి గోడకి సున్నం వెయ్యరని చెప్పాను. వాళ్ళ ఇళ్ళల్లో క్రిస్మస్‌కి వేస్తారు కాబట్టి ఆ అమ్మాయికి ఇది తట్టలేదు. వెంటనే మళ్ళీ చూసి, "ఆయ్, మూడు చోట్ల మసి గీత రెండింతలుందండి. రెండేళ్ళ మసిని ఒకేసారి కప్పేరు" అంది.

53లో తాతమ్మ పోయింది. 64లో తాతయ్య. రెండు తేలాయి. మూడోది అడుగు నుంచి పదిహేను పూతల పైన ఉంది. అంటే 46 ఉగాది తర్వాత, 47 ఉగాది లోపు. ఆ ఏడే కదా నాయనమ్మ మిమ్మల్నీ, చంటిపిల్లాడు మా నాన్ననీ వదిలి, కాశీ వెళ్ళేవాళ్ళతో వెళ్ళి తిరిగి రాలేదన్నది. వెళ్ళిపోయిన మనిషికి మైల ఉండదు. మరి ఇల్లు ఎవరికోసం మైల పట్టింది?

ఊడవకుండా వదిలేసింది వాయవ్యం గది. కారణం చెప్పలేను. తాళం చేతిలో పెట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చేశాను.

మీ మేనకోడలు,
వీరవేణి


కె.గంగవరం
9 ఫిబ్రవరి

వేణీ,

ఉత్తరం అందింది. గదులు ఎలా ఉండేవో గుర్తున్నంత రాస్తున్నాను, ఆ అమ్మాయికి చెప్పు.

బీరువా టేకుది, రంగు లేదు, ఏటా ఆముదం రుద్దేవారు. నాన్న మంచం తూర్పు గోడ పక్కన. టీకాకి వచ్చినవాళ్ళు వీధి అరుగు మీద కూర్చునేవారు. కూర్చునేవారంటే, నాన్న బతిమాలి కూర్చోబెట్టేవారు. టీకా వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని ఊరు ఊరంతా పారిపోయేది. అందుకని అందరి ముందూ మొదట నా జబ్బకే వేశారు. పిల్లలు వచ్చి నా మచ్చ చూసి పోయేవారు.

పూతల లెక్క తప్పై ఉంటుంది. యుద్ధం అప్పుడే అయింది, సున్నం దొరికి ఉండదు. వాయవ్యం గది ధాన్యం గది. దాన్ని అలాగే ఉంచండి.

మా అమ్మ వెళ్ళిపోయింది, అంతే. లేచిపోయినదాని కూతురని రెండు సంబంధాలవాళ్ళు నన్ను వద్దనుకున్నారు. మూడోవాళ్ళు తెలియక చేసుకున్నారు, తెలిశాక మీ మావయ్య నోట ఆ మాట నలభై ఏళ్ళు విన్నాను. ఇప్పుడు గోడలు గీకి దాన్ని మళ్ళీ వీధిలో పెడతారా? ఊళ్ళో ఎవరు ఎత్తారు ఈ మాట? నిజం చెప్పు. పూతల లెక్కని సాకు పెట్టి నువ్వు వేరే ఏదో అడుగుతున్నావని నాకు అనిపిస్తోంది.

అక్షరాలు కుదరలేదు. తిరగరాయలేదు.

సూరమ్మ


17 ఫిబ్రవరి, సోమవారం

అత్తయ్య గారికి,

ఈ రోజు పనులు రాయను. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను, మా ఆయన అలాగే తినేశారు. అంతవరకే.

ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. నేనూ ఏ సాకూ పెట్టలేదు. మీకు అలా అనిపించిందంటే ఆ ఉత్తరం నేను సరిగ్గా రాయలేదు.

లిడియా నేను లేనప్పుడు వాయవ్యం గది కొలుచుకుంది. అది ధాన్యం గది కాదంటోంది. "ధాన్యముంటే ఎలకల కన్నాలుండాలండి, గాదె చెక్కలు దిగిన గాళ్ళుండాలి. ఒక్కటీ లేదు" అంది. తర్వాత నన్ను గుమ్మం దగ్గరికి పిలిచి ద్వారబంధం చూపించింది. గడియ మేకుల కన్నాలు బయటివైపు ఉన్నాయి.

"గడియ లోపలుంటే మనం పడుకోవడానికండి. ఇది బయటుంది" అంది.

ఇంకోటి. ఇల్లంతా ఆ ఏడాది సున్నం ఎరగదు. ఈ గదిలో మాత్రం సరిగ్గా అప్పుడే మూడు పూతలు, మధ్యలో మసి గీతే లేదు. ఒకే వారంలో మూడుసార్లు వేశారంట. ఏం కనపడకుండా పోవాలని మూడుసార్లు వేస్తారు అత్తయ్యా? నేను పాతికేళ్ళుగా ఇల్లు కడుగుతున్నదాన్ని. ఏ మరకకి ఎన్నిసార్లు కడగాలో నాకు తెలుసు. అందుకే భయం.

మా ఆయనకి చెప్తే, "గోడలక్కూడా పురుడూ మైలా లెక్కేస్తున్నారేంటే మీరిద్దరూ" అని నవ్వేరు. నవ్వి, ఆయన మాత్రం ఆ గదిలోకి రాలేదు. కొబ్బరికాయల లారీ వచ్చిందని వెళ్ళిపోయేరు.

పెద్దవాళ్ళని అడగకూడని మాట అడుగుతున్నాను. తాతయ్య నాయనమ్మని ఏమైనా చేశారా? రేపు ఉగాదికి ఆయన ఫొటోకి దండ వేసి, బడిపిల్లల్ని వరసలో తీసుకొచ్చి చూపిస్తాం. ఆ దండ నేనే గుచ్చాలి.

గుమ్మం పక్కన గజం మేర పైరంగు తీసి లిడియా సున్నం దాకా వచ్చింది. మిగతాది వచ్చే సోమవారం తీస్తుంది. అప్పటిదాకా ఆగమన్నాను. ఆలోపు ఒక్క ముక్క రాయండి.

వేణి


కె.గంగవరం
22 ఫిబ్రవరి

వేణీ,

మా నాన్న చీమని తొక్కేవాడు కాదు. ఆ మాట మళ్ళీ రాయకు.

కానీ నువ్వు నన్ను ఒక మూలకి తోసేశావు, ఇంక చెప్పక తప్పదు. భాగ్యానికి కూడా తెలియదు, నా కడుపున పుట్టిన పిల్లకి.

వేసవికాలం. నాకు అయిదేళ్ళు. వాయవ్యం గదిలో దూరపు ఊరి రోగి ఉందని, అటు వెళితే కాళ్ళు విరగ్గొడతానని మా నాయనమ్మ చెప్పింది. అమ్మ ఏదంటే పుట్టింటికి వెళ్ళిందన్నారు. ఒక మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. నేను గవ్వలు ఆడుకుంటూ ఆ తలుపు దాకా వెళ్ళాను. లోపలినించి "సూరీ, మంచినీళ్ళు" అని వినపడింది. గొంతు బొంగురు. మనిషి గొంతులా లేదు. రోగికి నా పేరెలా తెలుసు అని నిలబడ్డాను. మళ్ళీ అడిగింది. పారిపోయాను.

పారిపోయి ఎవరికీ చెప్పలేదు, కాళ్ళు విరగ్గొడతారని. కొన్నాళ్ళకి గది తెరిచి ఉంది, సున్నం వాసన. అమ్మ పుట్టింటినించి అటే కాశీ వెళ్ళిందన్నారు. తర్వాత ఊరు ఇంకో మాట అంది.

వేణీ, అమ్మ మమ్మల్ని వదిలేసిందన్న మాటని నేను కావాలనే నమ్మాను. కోపంగా ఉండడం తేలిక. ఆ గొంతు అమ్మదైతే నేను నీళ్ళివ్వకుండా పరిగెత్తాను. ఆ గోడ ఆ సంగతి చెప్పేస్తుందేమోనని డెబ్భై ఎనిమిదేళ్ళుగా నా భయం. ఆ ఇల్లు ట్రస్టుకి ఇస్తామని మీ నాన్న అన్నప్పుడు సంతకం చెయ్యనని ఎందుకు మొండికేశానో ఇప్పుడు అర్థమైందా? వాటా కోసమనుకున్నారు మీరంతా.

ఆపించు.

తెల్లారి రాస్తున్నాను, 23. పైన రాసింది కొట్టెయ్యను, కానీ ఆపించొద్దు. పోయేలోపు తెలియాలి. తియ్యమను. ఏమున్నా నాకు రాయి, మెత్తగా చెయ్యకుండా రాయి.

సూరమ్మ


23 ఫిబ్రవరి, ఆదివారం

అత్తయ్య గారికి,

ఈ రోజు చేసిన పని ఒకటే: రెండు బక్కెట్ల సున్నం తడిపి, వడగట్టి, వాయవ్యం గుమ్మం పక్కన లిడియా తీసిన గోడంతా నా చేత్తో వేసేశాను. రెండు చేతులూ మండుతున్నాయి.

మీ ఉత్తరం ఇంకా రాలేదు. మొదట మీరు "అలాగే ఉంచండి" అన్నారు. రాకపోవడమే జవాబు అనుకున్నాను. ఆదివారం లిడియా చర్చికి వెళ్తుంది, ఇంట్లో ఎవరూ ఉండరు. కుంచె ఆడిస్తున్నంతసేపూ వెనక్కి తిరిగి తలుపు చూస్తూనే ఉన్నాను. ఎవరు వస్తారనో నాకే తెలియదు.

రేపు ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలియడం లేదు. నెల రోజుల పని పాడుచేశాను. కానీ మీరు నిశ్చింతగా ఉండండి. ఇంక ఏమీ కనపడదు.

వేణి


28 ఫిబ్రవరి, శుక్రవారం

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం నేను సున్నం వేసిన రెండోరోజు వచ్చింది. పోస్టుమాన్‌ని వీధిలోనే నిలబెట్టి చదివాను. ఒక్క రెండు రోజులు ముందు వచ్చి ఉంటే అని అతన్ని తిట్టబోయి, అతనేం చేశాడని మానుకున్నాను.

ముందు సోమవారం సంగతి. లిడియా వచ్చి గోడ చూసింది. నేను వేశానని చెప్పేశాను. కేకలు వేస్తుందనుకున్నాను. తన పుస్తకం తీసి ఏదో రాసుకుంది. ఏంటమ్మా అంటే, "మీరేసింది కూడా ఒక పూతేనండి. తేదీ వేసుకున్నాను. యాభై ఏళ్ళ తర్వాత ఎవరో నాలాంటిది వచ్చి, ఈ ఆంటీ గారు ఇక్కడెందుకు భయపడ్డారా అనుకోవాలిగా" అంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. నేనే గీకి ఇస్తానన్నాను. ఆరనివ్వండి అంది.

అది ఆరడమే ఇప్పుడు వచ్చిన గొడవ. గోడంతా మంగళవారానికి తెల్లబడింది. ఒక్కచోట ఆరలేదు. గుమ్మానికి జానెడు దూరంలో, రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత, నలుచదరంగా, తడిగా. బుధవారం కూడా తడే. గీత గీసినట్టు అంచులు. లిడియా వేళ్ళతో తట్టి, "వెనకాల వేరే ఇటికండి. ఇక్కడ కన్నముండేది. తర్వాత పూడ్చేరు" అంది.

నేను దాచాలని వేసిన సున్నమే దాన్ని బయటపెట్టింది.

దాని ఎదురుగా నిలబడలేకపోతున్నాను. పక్కగదిలో పని ఉన్నట్టు తిరుగుతున్నాను. మీరు రాసిన గొంతు నాకు వినపడదు, ఆ సంగతి తెలుసు, అయినా నడిచేటప్పుడు చెప్పులు చప్పుడు కాకుండా నడుస్తున్నాను. గోడలో ఏం పెట్టి మూస్తారు? అడిగితే లిడియా, "మీ అత్తయ్య గారిని అడిగే తీద్దామండి" అంది.

మీరు తియ్యమన్నారు. అది ఈ తడి సంగతి తెలియకముందు. అందుకని మళ్ళీ అడుగుతున్నాను.

వేణి


కె.గంగవరం
4 మార్చి

వేణీ,

అన్నం సహించడం లేదు. భాగ్యం డాక్టరు దగ్గరికి తీసుకెళతానంటోంది, ఎండలకి అని చెప్పాను.

గోడలో కన్నం నాకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా తలుపే గుర్తొస్తోంది. ఎముకలుంటాయని భయపడుతున్నావు నువ్వు. నా భయం అది కాదు. ఏమీ లేకుండా ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలి? ఆ గొంతు అలాగే ఉండిపోతుంది.

తియ్యండి. నన్ను రమ్మనకు. నువ్వు దగ్గరుండు.

సూరమ్మ


11 మార్చి, మంగళవారం

అత్తయ్య గారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. మెత్తగా చెయ్యలేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

నిన్న పదింటికి మొదలుపెట్టాం. నా సున్నం నేనే గీకాను, దాని కింద పాత పూతలు లిడియా ఒక్కొక్కటీ తీసింది. ఇటుకలు తొమ్మిది. ఒక్కో ఇటుక బయటికి వస్తుంటే నేను లిడియా భుజం పట్టుకున్నాను. "గట్టిగా పట్టుకోకండి ఆంటీ, చెయ్యి కదిలితే గోడ పోద్ది" అంది.

ఎముకలు లేవు. ఏమీ దాచలేదు. అటువైపున్న పక్కగది కనపడింది. గోడకి అడ్డంగా ఇటునుంచి అటు తొలిచిన కన్నం అది. అడుగున టేకు చెక్క పరిచి ఉంది. చెక్క మీద గుండ్రటి మరకలు, నల్లగా, ఒకదాని మీద ఒకటి. తడి చెంబు పెట్టి తీస్తే టేకు మీద పడే మరక. మా వంటింటి బల్ల మీద రోజూ చూసేదే, లిడియా కంటే ముందు నేనే గుర్తుపట్టాను. లెక్కపెట్టబోతే ఇరవై దాటాక కలిసిపోయాయి.

లిడియా మాట లిడియా మాటగానే రాస్తున్నాను: "నీళ్ళా, గంజా, మందా అన్నది చెక్క చెప్పదండి. లోపలున్నది ఎవరో కూడా చెప్పదు. తలుపు తీయకుండా, రోజుకి చాలాసార్లు, చాలా రోజులు ఎవరో చెంబు పెట్టేరు, లోపలినించి తీసుకున్నారు. ఇది మాత్రం నేను కాయితం మీద పెట్టగలను."

మిగతాది తాతయ్య టీకాల పుస్తకంలో వెతికాం. 1946 మేలో పదకొండు రోజులు ఆయన ఊరు దాటలేదు. రోజూ అరుగు మీద నలుగురికో అయిదుగురికో వేశారు. పన్నెండో రోజున పక్క ఊళ్ళో రెండువందల పది మందికి. ఆ పేజీలో చేతిరాత వంకర. మూడు పూతల సున్నం ఏ మరక కోసమూ కాదు, మశూచితో మనిషి పోయిన గదికి అలాగే వేసేవారంట. నాన్న అప్పటికి చంటిపిల్లాడు. కడుపుతో ఉన్నప్పుడు నాయనమ్మకి టీకా వెయ్యడం వాయిదా వేసి ఉంటారు, తర్వాత ఆలస్యమై ఉంటుంది. ఇది నా ఊహ. టీకా డాక్టరు భార్యే మశూచితో పోయిందంటే ఆ రెండువందల పది మంది చెయ్యి చాపేవారు కాదు. ఇది కూడా ఊహే. కానీ ఊరికి అబద్ధం చెప్పి, ఆ ఉగాదికి ఇంటికి సున్నం మాత్రం వేయించలేకపోయారు.

ఇక మీ సంగతి. నేను టేపు పెట్టి కొలిచాను, రెండుసార్లు. చెక్క నేలనుంచి మూడడుగుల పదంగుళాల ఎత్తున ఉంది. బయట గడియ కన్నాలు అయిదడుగుల పైన. పక్కింటి శివ కూతురికి అయిదేళ్ళు. పిలిచి చెక్క దగ్గర నిలబెట్టి, నిండు చెంబు చేతికిచ్చాను. ఎత్తలేదు. మీద పోసుకుని ఏడ్చింది. గడియ సరేసరి, దాన్ని పైకెత్తి నిలబెట్టినా అందలేదు.

మీరు పారిపోకపోయినా ఇవ్వగలిగేవారు కాదు అత్తయ్యా. నీళ్ళిచ్చేవాళ్ళు వేరే ఉన్నారు, ఇచ్చారు.

ఆ పిల్లకి జంతికలు పెట్టి పంపాను.

వేణి


కె.గంగవరం
17 మార్చి

వేణీ,

ఉత్తరం భాగ్యం చేతికిచ్చి పైకి చదవమన్నాను. నాకు వినపడదని తెలిసీ అరిచి అరిచి చదివింది. మధ్యలో ఆపి నన్ను చూసింది. తర్వాత ఇద్దరం అన్నం తిన్నాం.

మరకల మాట విన్నాక ఇంకోటి గుర్తొచ్చింది. ఆ వేసవిలో నాన్న ఆ గోడ పక్కన పీట వేసుకుని కూర్చుని పుస్తకం చదివేవాడు, పైకి. పిల్లలెవరూ లేకుండా ఎవరికి చదువుతున్నాడా అనుకునేదాన్ని. నిజంగా గుర్తొచ్చిందో, నీ ఉత్తరం చదివి కల్పించుకున్నానో తెలియదు. లిడియాని రాయొద్దను.

మా నాన్నని నేను వెనకేసుకొచ్చాను, నువ్వు అడిగినప్పుడు. ఇప్పుడు చెప్తున్నాను. నీళ్ళిచ్చాడు, పక్కన కూర్చున్నాడు. ఊరు ఆవిడ్ని లేచిపోయినదంటే మాత్రం పద్దెనిమిదేళ్ళు నోరు విప్పలేదు. మశూచి తగ్గాకైనా చెప్పొచ్చు కదా. కూతురు పెళ్ళిచూపుల్లో తల దించుకుంటే చూస్తూ కూర్చున్నాడు. ఊరిని బతికించాడని ఆయనకి దండ వెయ్యండి, నేను వద్దనను. కానీ ఆ గది గుమ్మం మీద ఆవిడ పేరు ఉండాలి. చిన్నమ్మలు. మశూచితో ఈ గదిలో పోయిందని, ఎక్కడికీ వెళ్ళలేదని రాయాలి. డాక్టరు గారి పరువు పోతుందని ట్రస్టు వాళ్ళు నసిగితే, ఆనాడు చెయ్యనన్న సంతకం గుర్తుచెయ్యి. వచ్చి వాళ్ళెదురుగా కూర్చోడానికి నాకు ఓపిక ఉంది.

ఆ గది తలుపుకి గడియ మళ్ళీ బిగించొద్దు. కన్నాలు కన్నాల్లాగే ఉండనీ.

భయం పూర్తిగా పోయిందని చెప్పను. నిన్న మధ్యాహ్నం కునుకులో ఆ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి పరిగెత్తలేదు. నాన్న తెస్తున్నాడమ్మా అన్నాను.

నా జ్ఞాపకానికి రాసుకుంటున్నాను: అమ్మకి నేను ఇవ్వాల్సిన చెంబెడు నీళ్ళు నాన్న చేతిమీదుగా ముట్టాయి. బాకీ తీరింది.

సూరమ్మ